దొరికింది వేరు, ఉన్నది వేరు: వైద్య పరిశోధనలు వెతకడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను వరంగల్‌లో ఒక మెడికల్ లైబ్రేరియన్‌ని. పీజీలకు, హౌస్ సర్జన్లకు, నర్సింగ్ విద్యార్థులకు పరిశోధనలు ఎలా వెతకాలో, దొరికినవాటిని ఎలా చదవాలో నేర్పుతుంటాను. కౌంటర్ దగ్గర, క్లాసులో, రాత్రి పదింటికి వాట్సాప్‌లో మళ్లీ మళ్లీ ఇవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెడుతున్నా. డేటాబేస్‌లో టైప్ చేయాల్సిన మాటలను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, వెతికేటప్పుడు మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి.

లైబ్రేరియన్‌కి వైద్యం ఏం తెలుసని మాకు నేర్పుతారు?

వైద్యం నేర్పను. ఏ రోగికి ఏ మందు ఇవ్వాలన్నది మీ చదువు. ఆ మందు గురించి ఇప్పటిదాకా ఎవరెవరు ఏం రాశారో, అది ఏ డేటాబేస్‌లో ఏ పేరు కింద ఉందో, ఏ మాటతో వెతికితే బయటికొస్తుందో తెలుసుకోవడం నా చదువు. జనరల్ మెడిసిన్ పత్రికల్లో వచ్చిన సిస్టమాటిక్ రివ్యూలను, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన పరిశోధనలన్నీ పద్ధతిగా వెతికి, తూచి చెప్పే పేపర్లను, పరిశీలించి 2015లో ఒక అధ్యయనం వచ్చింది. లైబ్రేరియన్ సహరచయితగా ఉన్న రివ్యూల్లో వెతికిన పద్ధతి మెరుగ్గా, ఇంకొకరు మళ్లీ చేసి చూడగలిగేంత వివరంగా రాసి ఉందని అందులో తేలింది.

ఇంకో మాట. మన ఊరికి లైబ్రరీ కొత్త కాదు. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లోనే పెట్టారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన రోజులవి, అప్పుడు పుస్తకాన్ని పాఠకుడి దగ్గరికి చేర్చడమే పెద్ద పని. ఇప్పుడు వైద్య పరిశోధనలు వెతికే ఉచిత డేటాబేస్ పబ్‌మెడ్ ఒక్కదాంట్లోనే మూడున్నర కోట్లకు పైగా వ్యాసాల వివరాలున్నాయి. అన్నింట్లోంచి మీ రోగికి పనికొచ్చే నాలుగింటిని బయటికి తీయడం ఇప్పటి పని.

ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ అంటే సూటిగా చెప్పండి

రోగి గురించి నిర్ణయం తీసుకునేటప్పుడు మూడింటిని కలిపి చూడటం: ఇప్పటికున్న మంచి పరిశోధన ఏం చెప్తోంది, డాక్టరుగా మీ అనుభవం ఏం చెప్తోంది, రోగికి ఏం కావాలి. ఈ పేరు 1990ల మొదట్లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వైద్యుల నుంచి వ్యాపించింది. పని ఐదు మెట్లుగా సాగుతుంది: ప్రశ్న అడగాలి, వెతకాలి, దొరికినదాన్ని జల్లెడ పట్టాలి, రోగికి అన్వయించాలి, తర్వాత ఎలా జరిగిందో చూసుకోవాలి. నేను ఎక్కువగా మొదటి రెండు మెట్ల దగ్గర ఉంటాను, మూడోదాంట్లో కొంచెం చెయ్యి పెడతాను.

ఇది ఎందుకు అవసరమో చెప్పడానికి నెలలు నిండని కాన్పుల సంగతి చాలు. కాన్పు ముందే వచ్చేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదుగుతాయని చూపించిన తొలి ట్రయల్ (రోగులను గుంపులు చేసి చికిత్సను పోల్చి చూసే ప్రయోగం) 1972లో వచ్చింది. తర్వాత ఇంకొన్ని వచ్చాయి. విడివిడిగా చూస్తే కొన్నింట్లో తేడా స్పష్టంగా కనబడలేదు. అన్నింటినీ వెతికి ఒకచోట చేర్చిన సిస్టమాటిక్ రివ్యూ 1989 దాకా రాలేదు. ఆ మధ్యలో చాలామంది డాక్టర్లకు ఆ ఇంజెక్షన్ అంత బాగా పనిచేస్తుందని తెలియనే లేదు, బతకాల్సిన పసిబిడ్డలు చనిపోయారు. 1993లో మొదలై, ఇలాంటి రివ్యూలు తయారుచేసే కొక్రేన్ సంస్థ గుర్తులో కనబడే అడ్డగీతలు ఆ ట్రయల్సే. ప్రతి క్లాసు ఆ బొమ్మతోనే మొదలుపెడతాను. సమాచారం లోకంలో ఉంది, ఒకచోట లేదు, అంతే తేడా.

గూగుల్‌లో కొడితే వచ్చేస్తుంది కదా మేడం?

ఏదో ఒకటి వస్తుంది. ఏది రాలేదో గూగుల్ చెప్పదు.

గూగుల్ స్కాలర్ మంచిదే, నేనూ వాడతాను. ఒక పేపర్ పేరు తెలిసి ఫుల్ టెక్స్ట్ కావాలన్నా, ఒక పేపర్‌ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూడాలన్నా అది చాలా హాయి. కానీ ఎన్ని లక్షల ఫలితాలు ఉన్నాయని పైన చూపించినా మనకు కనబడేది మొదటి వెయ్యి మాత్రమే, వాటిని ఏ క్రమంలో పెట్టిందో మనకు తెలియదు, ఇవాళ వచ్చిన జాబితా రేపు అలాగే వస్తుందన్న హామీ లేదు. సిస్టమాటిక్ సెర్చ్ అని పేరు పెట్టాక ఇంకొకరు అదే మాటలతో వెతికితే అవే ఫలితాలు రావాలి. అందుకే స్కాలర్ తోడుగా ఉండొచ్చు, దాని మీదే నిలబడకూడదు.

ప్రశ్న ఎలా రాయాలి? పికో అంటే ఏంటి?

సెర్చ్ చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఒక పీజీ వచ్చి "మేడం, పాముకాటు మీద పేపర్లు కావాలె" అంటారు. పాముకాటులో ఏం కావాలి? చికిత్సా, చనిపోయినవాళ్ల లెక్కలా, కిడ్నీ దెబ్బతినడమా, నాటువైద్యం దగ్గర ఆలస్యం కావడమా? వానాకాలం మొదలయ్యాక ములుగు, భూపాలపల్లి వైపు నుంచి నాట్లేసేవాళ్లు, పత్తి చేలో కలుపు తీసేవాళ్లు కాటుతో వస్తూనే ఉంటారు కాబట్టి ఇది మనకు పుస్తకంలో ప్రశ్న కాదు, పక్క వార్డులో ఉన్న ప్రశ్న.

పికో అంటే ఆ పెద్ద మాటని నాలుగు ముక్కలు చేయడం. రోగి ఎవరు: రక్తపింజర కాటుతో వచ్చిన పెద్దవాళ్లు. ఏం ఇస్తున్నాం: తక్కువ మోతాదు విషవిరుగుడు. దేనితో పోలుస్తున్నాం: ఎక్కువ మోతాదుతో. ఏం చూస్తాం: మరణం, డయాలిసిస్ అవసరం, ఆస్పత్రిలో ఎన్ని రోజులు. నాలుగూ కాగితం మీద రాశాకే కంప్యూటర్ ముట్టుకోండి. రాయలేకపోతున్నారంటే ప్రశ్న ఇంకా తయారు కాలేదని అర్థం, గైడ్ సార్‌తో ఇంకోసారి కూర్చోవాలి.

వెతికేటప్పుడు నాలుగు ముక్కలనూ పెట్టాల్సిన పనిలేదు. మామూలుగా మొదటి రెండు ముక్కలు చాలు. ఫలితం ముక్కని చాలా పేపర్లు సారాంశంలో ప్రస్తావించవు, దాన్ని కూడా సెర్చ్‌లో పెడితే పనికొచ్చే పేపర్లు చేజారతాయి.

సరైన మాటలే వాడుతున్నాం, అయినా పేపర్లు ఎందుకు తప్పిపోతున్నాయి?

ఒకే వస్తువుకి పది పేర్లుంటాయి కాబట్టి. ఆ విషవిరుగుడునే తీసుకోండి. మన డాక్టర్లు "ఏఎస్‌వీ" అంటారు. రాసేవాళ్లు ఒకరు యాంటీవెనమ్ అని, ఇంకొకరు యాంటీ స్నేక్ వెనమ్ అని, మరొకరు పాలీవేలెంట్ సీరమ్ అని రాస్తారు. పబ్‌మెడ్ వాళ్ల పదకోశం మెష్‌లో దాని పేరు యాంటీవెనిన్స్. ఒక్క ఏఎస్‌వీ అని కొట్టారనుకోండి, నిద్రలో ఊపిరి ఆగేవాళ్లకు వాడే ఒక శ్వాసయంత్రం పేపర్లు కూడా వచ్చి పడతాయి, దాని పొట్టి పేరూ అదే. అందుకని ఒక ముక్కకి ఉన్న పేర్లన్నీ "ఆర్"తో (ఏదో ఒకటి ఉన్నా చాలు) కలిపి ఒక గుంపు చేయాలి, రెండో ముక్క పేర్లన్నీ ఇంకో గుంపు, ఆ రెండు గుంపులనూ "ఆండ్"తో (రెండూ ఉండాలి) కలపాలి. వద్దన్నది తీసేసే "నాట్" జోలికి వీలైనంత వరకు పోవద్దు. పిల్లలు వద్దని నాట్ పెడితే పిల్లలూ పెద్దలూ ఇద్దరూ ఉన్న పేపర్లు కూడా పోతాయి.

మెష్ గురించి ఒక విషయం మన దగ్గర అందరికీ తెలియాలి. మెష్ పదాలు అతికించేది పబ్‌మెడ్‌లో ప్రధాన భాగమైన మెడ్‌లైన్‌లో చేరిన పత్రికలకు. మన దేశపు పత్రికలు చాలా వరకు మెడ్‌లైన్‌లో లేవు, పీఎంసీ అనే ఉచిత భాండాగారం దారిలో పబ్‌మెడ్‌లోకి వస్తాయి, వాటికి మెష్ పదాలు ఉండవు. కేవలం మెష్‌తో వెతికితే ముందు పోయేది ఇండియా పేపర్లే. మన పాములు, మన రైతులు, మన ఆస్పత్రులు ఉన్న పేపర్లు మనకే దొరకకుండా పోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. మెష్ పదాలు, మామూలు పదాలు రెండూ పెట్టండి. పక్కన ఉండే "హ్యూమన్స్" ఫిల్టర్ కూడా మెష్ మీదే నడుస్తుంది, టిక్ పెడితే ఇదే నష్టం. "ఫ్రీ ఫుల్ టెక్స్ట్" ఫిల్టర్ ఇంకా నష్టం, ఉచితంగా దొరికేదే నిజం అన్నట్టు అవుతుంది. ఐదేళ్ల ఫిల్టర్ కూడా అలవాటుగా పెట్టకండి, దానికి కారణం ఉండాలి, ఆ కారణం థీసిస్‌లో రాయగలగాలి.

చిన్న చిట్కాలు: పదం మొదలు రాసి నక్షత్రం గుర్తు పెడితే దాని రూపాలన్నీ వస్తాయి, ఎన్వెనమ్ అని రాసి నక్షత్రం పెడితే ఎన్వెనమేషన్, ఎన్వెనమింగ్ రెండూ వచ్చినట్టు. అయితే నక్షత్రం గానీ, కొటేషన్ గుర్తులు గానీ పెట్టగానే పబ్‌మెడ్ తనంతట తాను మెష్‌తో జతచేసే పని ఆపేస్తుంది, అప్పుడు మెష్ పదాన్ని మీరే విడిగా చేర్చుకోవాలి.

వేలల్లో వస్తున్నాయి, ఎన్ని వస్తే సరి?

పాకాల చెరువులో వల వేసేవాళ్లని అడగండి, వల కన్ను చిన్నదైతే చిన్న చేపతో పాటు నాచు, పుల్లలూ వస్తాయని చెప్తారు. కన్ను పెద్దదైతే ఏరుకునే పని తక్కువ, జారిపోయేవి ఎక్కువ. సిస్టమాటిక్ రివ్యూకి కన్ను చిన్నదే ఉండాలి, రెండు మూడు వేలు వచ్చినా కూర్చుని ఏరాల్సిందే. రేపటి సెమినార్‌కైతే పెద్ద కన్ను చాలు. ఇన్ని రావాలన్న సంఖ్య ఏదీ లేదు. దానికి బదులు ఒక పరీక్ష ఉంది: మీ విషయం మీద తప్పకుండా దొరకాల్సిన ఐదారు పేపర్లు ముందే తెలుసుకుని పెట్టుకోండి, మీ సెర్చ్‌లో అవన్నీ పడ్డాయా చూడండి. ఒకటి పడలేదంటే ఆ పేపర్ తెరిచి ఏ మాట వాడారో చూసి మీ గుంపులో చేర్చండి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా తొందరగా సెర్చ్ నేర్పే పద్ధతి లేదు.

వార్డులో ఐదు నిమిషాలే ఉంటాయి, ఇదంతా ఎక్కడ కుదురుతుంది?

కుదరదు, అవసరం కూడా లేదు. వార్డు ప్రశ్నకి వేరే దారి. ముందు కొక్రేన్ లైబ్రరీలో రివ్యూ ఉందా చూడండి, తర్వాత పబ్‌మెడ్‌లో "క్లినికల్ క్వెరీస్" అనే పేజీ తెరవండి. చికిత్సా, రోగనిర్ధారణా అని ఎంచుకుంటే దానికి తగ్గ జల్లెడ అదే పట్టిస్తుంది.

ఒకసారి ఒక సీనియర్ సిస్టర్ అడిగారు, సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టిన కాన్యులా మూడు రోజులకోసారి మార్చాల్సిందేనా, బాగానే ఉన్నా పీకి మళ్లీ గుచ్చుతుంటే పేషెంట్లు ఏడుస్తున్నారని. ఎంత మంచి ప్రశ్న! దీని మీద కొక్రేన్ రివ్యూ ఉంది, 2019 దాకా దాన్ని తాజా చేస్తూ వచ్చారు. రోజులు లెక్కపెట్టి మార్చినా, అవసరమైనప్పుడే మార్చినా రక్తంలో ఇన్‌ఫెక్షన్ విషయంలో స్పష్టమైన తేడా లేదని అందులో ఉంది. ఐదు నిమిషాల్లో దొరికింది. అక్కడితో ఆగకుండా తర్వాత వచ్చినవి కూడా చూశాం. 2021లో జెనీవాలోని పెద్ద ఆస్పత్రి నుంచి ఒక అధ్యయనం వచ్చింది, అవసరమైనప్పుడే మార్చే పద్ధతికి మారాక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయని. అది ట్రయల్ కాదు, ఒక ఆస్పత్రి రికార్డుల పరిశీలన. అయినా పక్కన పెట్టేది కాదు. సిస్టర్ రెండూ ప్రింట్ తీసుకుని ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీకి పట్టుకెళ్లారు. నిర్ణయం వాళ్లది. నర్సులు ఇలాంటి ప్రశ్నలు ఇంకా ఎక్కువ అడగాలి, రోగి పక్కన ఎక్కువసేపు ఉండేది వాళ్లే.

రెండు పేపర్లు ఎదురెదురుగా చెప్తే ఏది నమ్మాలి?

దీనికి కొంచెం పెద్ద జవాబు చెప్తాను, ఎందుకంటే ఈ జిల్లాల్లో దీనికి ప్రాణాల ఖరీదు ఉంది.

పురుగుమందు విషం ఎక్కిన కేసుల్లో, మీరు ఓపీ పాయిజనింగ్ అనేదాంట్లో, అట్రోపిన్‌తో పాటు ప్రాలిడాక్సిమ్ అనే మందు కూడా ఇవ్వాలా అన్నది పాత చర్చ. వార్డులో దాన్ని "పామ్" అంటారు. 2006లో మహారాష్ట్రలోని బారామతి నుంచి లాన్సెట్ పత్రికలో ఒక ట్రయల్ వచ్చింది, 200 మంది రోగులు. ఎక్కువ మోతాదులో ఆగకుండా డ్రిప్ ఇచ్చినవాళ్లలో మరణాలు తక్కువ. అది ఒక్కటే చదివిన పీజీ "పామ్ పనిచేస్తుంది" అని రాసేస్తారు. 2009లో శ్రీలంక నుంచి ప్లాస్ మెడిసిన్ పత్రికలో ఇంకో ట్రయల్ వచ్చింది, 235 మంది. మందు ఇచ్చిన గుంపులో మేలు కనబడలేదు, మరణాల సంఖ్య ఎక్కువగానే ఉంది, అది యాదృచ్ఛికం కావచ్చు కూడా. ఇది ఒక్కటే చదివినవారు "పామ్ దండగ" అని రాస్తారు.

ఇప్పుడు పికో తీయండి. బారామతిలో పోల్చింది దేనితో? రెండు గుంపులకూ మొదట అదే మందు పడింది, ఒక గుంపుకి తర్వాత ఆగకుండా, ఇంకో గుంపుకి విడతలవారీగా. అంటే మందు అసలు ఇవ్వనివాళ్లతో పోలికే లేదు. శ్రీలంకలో పోల్చింది ఉత్తి సెలైన్‌తో. పైగా బారామతి రోగులు త్వరగా ఆస్పత్రికి చేరారు, ఐసీయూ సదుపాయం బాగుంది. రెండూ ఒకే ప్రశ్నకి రెండు జవాబులు కావు, దగ్గరి బంధువుల్లాంటి రెండు ప్రశ్నలు. 2011లో కొక్రేన్ రివ్యూ అన్నింటినీ కలిపి చూసి, మేలో కీడో చెప్పడానికి ఉన్న ఆధారం చాలదని తేల్చింది. "చాలదు" అన్నది కూడా జవాబే, దాన్ని దాచకుండా రాయాలి. మీ గైడ్ సార్‌కి నచ్చే పేపర్ మాత్రమే ఉదహరించి రెండోదాన్ని వదిలేస్తే అది సాహిత్య సమీక్ష కాదు. దయచేసి అలా చేయకండి.

పబ్‌మెడ్ ఒక్కటి సరిపోదా?

సెమినార్‌కి సరిపోతుంది. మనుషుల మీద ప్రయోగం చేయబోతుంటే సరిపోదు. 2001లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో ఆస్తమా పరిశోధన కోసం హెక్సామెథోనియం అనే మందుని పీల్చిన 24 ఏళ్ల ఆరోగ్యవంతురాలైన వాలంటీర్ ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయింది. ఆ మందు ఊపిరితిత్తులకు హాని చేస్తుందని 1950లలోనే పేపర్లు వచ్చాయి. పరిశోధకుడు వెతికిన పబ్‌మెడ్ అప్పట్లో 1966 దాకానే వెనక్కి వెళ్లేది. ఈ సంగతి క్లాసులో చెప్పాక కాసేపు ఎవరూ మాట్లాడరు.

కాబట్టి పబ్‌మెడ్‌కి తోడు మందుల విషయమైతే ఎంబేస్, నర్సింగ్ అయితే సినాల్, ఈ రెండు డేటాబేస్‌లకూ చందా ఉండాలి. కొక్రేన్ లైబ్రరీలో ట్రయల్స్ విభాగం ఉంది. మన దేశంలో జరుగుతున్న, ముగిసినా అచ్చుకాని ట్రయల్స్ కోసం వాటిని నమోదు చేసే రిజిస్టర్ సీటీఆర్‌ఐ చూడండి, 2007లో మొదలైంది, 2009 జూన్ 15 నుంచి ట్రయల్స్ నమోదు తప్పనిసరి చేశారు. థీసిస్‌ల కోసం శోధ్‌గంగ ఉంది. ఆఖరున మీకు దొరికిన మంచి పేపర్ల చివరి రెఫరెన్సులు ఒక్కొక్కటీ చూడండి, ఆ పాత పద్ధతిలో ఇప్పటికీ వజ్రాలు దొరుకుతాయి.

థీసిస్‌లో రాసే సాహిత్య సమీక్ష, సిస్టమాటిక్ రివ్యూ ఒకటేనా?

కాదు. థీసిస్ సమీక్ష మీ పనికి నేపథ్యం. సిస్టమాటిక్ రివ్యూ దానికదే ఒక పరిశోధన: ప్రశ్న ముందే ఖాయం చేసి, ప్రోటోకాల్ రాసి, యార్క్ యూనివర్సిటీ నడిపే ప్రాస్పెరో అనే రివ్యూల రిజిస్టర్‌లో నమోదు చేసి, ఇద్దరు విడివిడిగా పేపర్లు ఏరి, ప్రతి పేపర్ నాణ్యత తూచి, రివ్యూ ఎలా రాయాలో చెప్పే ప్రిస్మా 2020 చెక్‌లిస్టులోని 27 అంశాల ప్రకారం రాయాలి. ప్రాస్పెరోలో నమోదైన రివ్యూలను పరిశీలించిన 2017 అధ్యయనంలో నమోదు నుంచి అచ్చు దాకా సగటున 67 వారాలు పట్టిందని తేలింది. ఏడాది దాటి. "ఎల్లుండే సబ్మిట్ చేయాలె మేడం, సిస్టమాటిక్ సెర్చ్ చేసినట్టు రాసివ్వండి" అని ఒకరు వచ్చారు ఒకసారి. చేయని పని చేసినట్టు రాయడం నా వల్ల కాదని చెప్పి, ఏం వెతికారో అదే నిజాయితీగా రాయడానికి కూర్చుని సాయం చేశాను. టెన్షన్ అర్థమవుతుంది, డ్యూటీల మధ్య థీసిస్ ఎంత కష్టమో రోజూ చూస్తున్నా. అందుకే థీసిస్ ప్రణాళిక, అదే సినాప్సిస్, రాసే నెలలోనే రండి.

ఏం రాసిపెట్టుకోవాలి?

ఏ డేటాబేస్, ఏ తేదీ, సరిగ్గా ఏ వాక్యం కొట్టారు, ఎన్ని వచ్చాయి. వాక్యాన్ని గుర్తుంచుకుని తర్వాత రాద్దామనుకోకండి, కాపీ చేసి ఒక ఫైల్‌లో అతికించండి. పబ్‌మెడ్ హిస్టరీ ఎనిమిది గంటలు ముట్టుకోకపోతే చెరిగిపోతుంది. ఉచితంగా ఖాతా తెరిస్తే సెర్చ్‌ని దాచుకోవచ్చు, కొత్త పేపర్ వస్తే మెయిల్ వచ్చేలా పెట్టుకోవచ్చు. రెఫరెన్సులకు జోటెరో ఉచితం, ఇద్దరు కలిసి పేపర్లు ఏరడానికి రయ్యాన్ బాగుంటుంది.

ఫుల్ టెక్స్ట్ డబ్బులు అడుగుతోంది, ఏం చేయాలి?

ముందు మీ కాలేజీ లైబ్రరీలో అడగండి. 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన "వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్" కింద 30 ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి, రాష్ట్ర ప్రభుత్వ కాలేజీలు కూడా అందులో ఉన్నాయి. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు పెట్టారు, మన పన్నుల డబ్బే, వాడుకోండి. కొక్రేన్ రివ్యూలు అచ్చయిన ఏడాది తర్వాత అందరికీ ఉచితం, సరళమైన సారాంశాలు మొదటి రోజు నుంచే. ఏదీ కుదరకపోతే రచయితకి మర్యాదగా ఒక మెయిల్ రాయండి, చాలామంది పంపిస్తారు.

చాట్‌జీపీటీని అడిగితే రెఫరెన్సులతో సహా ఇస్తోంది కదా?

ఇస్తుంది, అందులో కొన్ని లోకంలో లేని పేపర్లు. రచయితల పేర్లు, పత్రిక, సంవత్సరం, పేజీ నంబర్లు అన్నీ అచ్చం నిజంలా ఉంటాయి, పబ్‌మెడ్‌లో కొడితే ఉండదు, లేదా ఆ నంబర్‌తో పూర్తిగా వేరే పేపర్ తెరుచుకుంటుంది. ఒక విద్యార్థి తెచ్చిన జాబితాలో ఇలాంటివి ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే కొట్టేశాం, ఆ అబ్బాయి ముఖం చిన్నబోయింది. తనది మోసం కాదు, నమ్మాడు అంతే. ఒక మందుకి వేరే పేర్లు ఏమున్నాయో ఆలోచించడానికి అడగండి, అక్కడ అది నిజంగా పనికొస్తుంది. రెఫరెన్స్ మాత్రం మీరు తెరిచి చదవనిది పెట్టకండి. రోగి వివరాలు అందులో అతికించడం అసలే వద్దు.

పేపర్ నిజమైనదే అయినా తర్వాత వెనక్కి తీసుకున్నారేమో కూడా చూడాలి. పబ్‌మెడ్‌లో పైన ఆ ముద్ర కనబడుతుంది. అలా వెనక్కి తీసుకున్న పేపర్ల జాబితా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ 2023 నుంచి అందరికీ ఉచితం.

మాది తెలుగు మీడియం, ఇంగ్లీషు పేపర్లు చదవాలంటే భయం

నర్సింగ్ మొదటి ఏడాది పిల్లలు ఇది గొంతు తగ్గించి అడుగుతారు. తగ్గించాల్సిన పనిలేదు. ప్రశ్న తెలుగులోనే రాయండి, పికో తెలుగులోనే వేయండి, ఆలోచన స్పష్టంగా ఉంటే పదాలు నేను వెతికిపెడతాను. పేపర్‌ని మొదటి నుంచి చివరిదాకా చదవకండి. సారాంశం, తర్వాత పద్ధతులు, తర్వాత మొదటి పట్టిక. ఎవరి మీద చేశారు, ఎంతమంది, దేనితో పోల్చారు అన్న మూడు తెలిస్తే సగం అర్థమైనట్టే. పేపర్లలో ఇంగ్లీషు ఒకే మూసలో ఉంటుంది, పది పేపర్లయ్యాక పదకొండోది అలవాటైన బస్సు రూటులా అనిపిస్తుంది.

లైబ్రేరియన్ పేరు పేపర్లో వేయాలా?

సెర్చ్ తయారు చేసి, నడిపి, పద్ధతుల్లో ఆ భాగం రాస్తే రచయితగా వేయడం న్యాయం. ఒక పూట సలహా ఇస్తే కృతజ్ఞతల్లో ఒక లైను చాలు. ఈ సంగతి మొదటి రోజే మాట్లాడుకుంటే తర్వాత మనసులు నొచ్చుకోవు.

మేం కొత్త మెడికల్ కాలేజీ లైబ్రేరియన్లం. ఎలా నేర్పాలి?

2022 నుంచి మంచిర్యాల, జగిత్యాల, మహబూబాబాద్, ఆ తర్వాత భూపాలపల్లి, ములుగు, ఇలా జిల్లాకొక ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడ లైబ్రరీలో ఒక్కరే ఉండి, పుస్తకాల ఎంట్రీ నుంచి అన్నీ చేసుకునే పరిస్థితి ఉంటుంది. వాళ్ల కోసం నా అనుభవంలో పనిచేసినవి చెప్తా.

రెండు గంటల స్లైడ్ల క్లాసు పెట్టకండి. నేను మొదట్లో అదే చేశాను, వెనక బెంచీలన్నీ నైట్ డ్యూటీ నిద్ర తీర్చుకునేవి. ఇప్పుడు 45 నిమిషాలు, అందులో నా మాటలు పదిహేను. ఆ వారం వార్డులో చూసిన ఒక కేసు ముందే అడిగి తెప్పించుకుంటాను, ఆ కేసు మీదే సెర్చ్. ముందు వాళ్లకు తోచినట్టు వెతకనిస్తాను. పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి వేర్వేరు సంఖ్యలు వస్తాయి, ఒకరికి 40, ఇంకొకరికి 900. "ఎందుకట్ల వచ్చింది మేడం?" అని వాళ్లే అడుగుతారు. అసలు క్లాసు అప్పుడు మొదలవుతుంది. ఆ ప్రశ్న వాళ్ల నోటి నుంచి రాకముందు ఆండ్, ఆర్ గురించి చెప్పి లాభం లేదు.

నెట్ ఆ రోజే పోతుంది, కాబట్టి స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీసి పెట్టుకోండి. ఒక విభాగం నుంచి కనీసం ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని క్లాసులో కూర్చోబెట్టండి. పేపర్ వెతకడం నేను నేర్పగలను, ఆ పేపర్లోని చికిత్స మన ఆస్పత్రిలో కుదురుతుందా అన్నది వాళ్లే చెప్పాలి, ఆ ఇద్దరి మాటా కలిస్తేనే పిల్లలకు పూర్తిగా అందుతుంది. రెండు వారాల తర్వాత అదే గుంపుని పిలిచి వాళ్ల కొత్త సెర్చ్ చూడండి. నేర్చుకున్నారా లేదా అన్నది క్లాసు చివర చప్పట్లలో తెలియదు, ఆ రెండో కాగితంలో తెలుస్తుంది.

మీ సెర్చ్‌ని కూడా ఇంకో లైబ్రేరియన్‌కి చూపించండి. నేను పంపిన వాక్యంలో ఒక బ్రాకెట్ తప్పు పడితే పొరుగు జిల్లా లైబ్రేరియన్ పట్టుకున్నారు, సరిదిద్దాక నాలుగు వందల పేపర్లు కొత్తగా వచ్చాయి. అప్పటి నుంచి ఇంకొకరు చూడనిది ఎవరికీ ఇవ్వడం లేదు.

పేషెంట్ బంధువులు వచ్చి అడిగితే చెప్తారా?

ఏ మందు వాడాలో చెప్పను. వాళ్ల జబ్బు గురించి నమ్మదగిన సారాంశం తీసి, తెలుగులో అర్థమయ్యేలా చదివి వినిపించి, డాక్టర్‌ని అడగాల్సిన ప్రశ్నలు మూడు కాగితం మీద రాసిస్తాను.

మీ దగ్గరికి వచ్చేటప్పుడు ఏం తేవాలి?

చేత్తో రాసిన ప్రశ్న, దొరకాలని మీకు ముందే తెలిసిన రెండు మూడు పేపర్లు, ఇప్పటిదాకా ఏం వెతికారో ఆ వాక్యం, ఎంత చెడ్డదైనా సరే. ఒక గంట తీరిక. మధ్యాహ్నం మూడు తర్వాతైతే ఓపీ అయిపోయి మీకూ వీలుంటుంది, కంప్యూటర్లూ ఖాళీగా ఉంటాయి.